అన్నీ సేకరించారు, వసీయత్ మాత్రం రాయలేదు: నవాబ్ సాలార్‌జంగ్ ఆస్తి కథ

విశాఖపట్నం: గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చూడటానికి వెళ్లిన విశాఖ కుటుంబాల్లో సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. అక్కడ గంట కొట్టే వేళకు అందరూ గడియారం ముందు పోగవుతారు. లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. తర్వాత మేలిముసుగు రెబెకా విగ్రహం ముందు ఫొటో దిగుతారు. పాలరాతిలో చెక్కిన ఆ ముసుగు నిజంగా పల్చటి గుడ్డేమో అనిపిస్తుంది.

ఇవన్నీ ఒకే ఇంటి సొత్తు. వీటిలో ఎక్కువ భాగం ఒకే మనిషి సేకరించినవి. ఆయన చనిపోయాక ఇవి ఎవరికి చెందాలో చెప్పే కాగితం దొరకలేదు. దాదాపు పదేళ్లపాటు అది తేలలేదు. మ్యూజియం చూసి వచ్చేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. విరాసత్ గొడవలతో కోర్టుల చుట్టూ తిరిగే మన కుటుంబాలకు మాత్రం ఇది తెలియాల్సిన కథ.

పుట్టిన నెలలోపే యతీం

ఆయన అసలు పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. సాలార్‌జంగ్ అనేది నిజాం ఇచ్చిన బిరుదు. ఆ ఇంట్లో ఆ బిరుదు పొందినవాళ్లలో ఈయన మూడోవారు.

తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్. 1853లో 24 ఏళ్ల వయసులో హైదరాబాద్ దివాన్ అయ్యారు. 1883లో చనిపోయేవరకు, అంటే 30 ఏళ్లు ఆ పదవిలోనే ఉన్నారు. అప్పుల్లో కూరుకుపోయిన రాజ్యాన్ని గాడిలో పెట్టారనీ, జిల్లాల పాలన పద్ధతి తెచ్చారనీ చరిత్రలో ఆయనకు పేరుంది. 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో బెంజోని అనే శిల్పి చెక్కిన రెబెకా విగ్రహాన్ని కొన్నది ఈయనే. అంటే సేకరించే అలవాటు ఆ ఇంట్లో తాత నాటి నుంచే ఉంది.

తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండో సాలార్‌జంగ్. 1884 నుంచి 1887 వరకు దివాన్‌గా చేశారు. తర్వాత పదవి పోయింది. 1889 జూన్ 13న పుణెలో ఆయనకు కొడుకు పుట్టాడు. జూలై 7న తండ్రి ఇంతెకాల్ అయ్యారు. అప్పటికి బిడ్డకు నెల కూడా నిండలేదు. తండ్రి వయసు 26.

పాలు తాగే వయసులోనే ఆ బిడ్డ దక్కన్‌లోని అతి పెద్ద జాగీర్లలో ఒకదానికి వారసుడయ్యాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ బిడ్డ బాగోగులు పట్టించుకున్నారు. పెద్దయ్యాక యూసుఫ్ అలీ ఖాన్ నిజాం కాలేజీలో చదువుకున్నారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. తండ్రి పోయినప్పుడు వారసుడెవరో అందరికీ తెలుసు. ఒక్కడే కొడుకు, కళ్లెదుటే ఉన్నాడు. అరవై ఏళ్ల తర్వాత ఆ కొడుకే పోయినప్పుడు పరిస్థితి అలా లేదు.

రెండున్నరేళ్ల పదవి, 35 ఏళ్ల సేకరణ

1911లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాం అయ్యారు. మరుసటి ఏడాది, 1912లో యూసుఫ్ అలీ ఖాన్‌ను ప్రధానిగా పెట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 23. తాత కూడా దాదాపు అదే వయసులో ఆ కుర్చీ ఎక్కారు కాబట్టి జనం పెద్ద ఆశలే పెట్టుకున్నారు. అయితే తాతలా 30 ఏళ్లు నడవలేదు. 1914 నవంబర్‌లో పదవి వదిలేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు నిజామే నేరుగా పాలించారు.

పదవి పోయేనాటికి ఆయనకు పాతికేళ్లు. చేతినిండా డబ్బుంది, పెళ్లి కాలేదు. ఆ తర్వాత కూడా చేసుకోలేదు. మిగిలిన 35 ఏళ్ల జీవితం సేకరణకే ఇచ్చేశారు.

ఆయన ఏం కొన్నారని అడగడం కంటే ఏం కొనలేదని అడగడం సులువు. జేడ్ రాయితో చేసిన వస్తువులు, ఏనుగు దంతం పనితనం, చైనా పింగాణీ, జపాన్ బొమ్మలు, యూరప్ చిత్రాలు, గాజు సామాను, గడియారాలు, కత్తులు, తివాచీలు కొన్నారు. నూర్జహాన్ వాడిన బాకు ఈ సేకరణలోనే ఉంది. ముందు నుంచి చూస్తే మగవాడిగా, వెనక అద్దంలో చూస్తే ఆడపిల్లగా కనిపించే మెఫిస్టోఫిలీస్, మార్గరెట్టా చెక్కబొమ్మ కూడా ఇక్కడిదే. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం సంగతి చెప్పనే చెప్పాం.

పుస్తకాల మీద కూడా ఆయనకు అంతే మోజు. అరబీ, ఫార్సీ, ఉర్దూ వ్రాతప్రతులు వేల సంఖ్యలో పోగయ్యాయి. చేత్తో రాసిన ఖురాన్ ప్రతులే ఎన్నో ఉన్నాయి. వాటిలో మొఘల్ చక్రవర్తుల చేతుల మీదుగా వచ్చినవీ ఉన్నాయి. ఇవాళ మ్యూజియంలో కళావస్తువులు 40 వేలకు పైనే.

ఇదంతా మూసీ ఒడ్డున ఉన్న పూర్వీకుల హవేలీ దివాన్ దేవిడీలో పెరుగుతూ పోయింది. గదులు నిండాయి, ఇంకా కొంటూనే ఉన్నారు. అమ్మకందార్లు ఆయన ఇంటికి దారి వేసుకున్నారు.

1949 మార్చి 2

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్ అయ్యారు. జాగీర్దార్లందరికీ రేపేమవుతుందో తెలియని రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1949 మార్చి 2న నవాబ్ సాలార్‌జంగ్ ఇంతెకాల్ అయ్యారు. వయసు 59. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో, తమ కుటుంబం వాళ్ల పక్కనే ఆయన్ను ఖననం చేశారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది.

భార్య లేదు, పిల్లలు లేరు. ఈ సేకరణ మ్యూజియానికి పోవాలనో, ఫలానా బంధువుకు చెందాలనో చెప్పే వీలునామా లేదు. 35 ఏళ్లపాటు ఒక్కో వస్తువూ ఏరి కొన్న మనిషి, తన తర్వాత వాటి గతేమిటో ఒక్క కాగితం మీద రాసిపెట్టలేదు.

ఇంకేముంది, వారసులమంటూ బంధువులు ముందుకొచ్చారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. షరియత్ ప్రకారం మయ్యత్ వదిలిన తర్కాలో హక్కు ఉన్నవాడు అడగడం నేరం కాదు. చిక్కల్లా ఎవరి హక్కు ఎంతో తేలడమే. కొడుకో కూతురో ఉంటే లెక్క ఇంట్లోనే తేలుతుంది. వాళ్లు లేనప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతలు, మేనత్తలు, బాబాయిలు, మేనమామలు, వాళ్ల సంతానం అంటూ వరస దూరం పోతుంది. సాలార్‌జంగ్‌లది షియా కుటుంబం. హనఫీ లెక్కకూ షియా లెక్కకూ ఈ దూరపు చుట్టాల దగ్గరే చాలా తేడా ఉంటుంది. ఒక్కొక్కరూ తమ వంశవృక్షాన్ని రుజువు చేసుకోవాలి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు.

ఆలోగా ఆస్తి పాడుకాకుండా చూడాలి. అందుకే ప్రభుత్వం సాలార్‌జంగ్ ఎస్టేట్ నిర్వహణకు ఒక కమిటీ వేసింది. హవేలీ, అందులోని వస్తువులు ఆ కమిటీ చేతికి వెళ్లాయి.

యజమాని తేలకముందే తెరుచుకున్న మ్యూజియం

ఈ వస్తువులు తలా ఒకరి చేతికి చెదిరిపోకుండా ఒకేచోట ఉంచి జనానికి చూపిద్దామన్న ఆలోచన అప్పటి హైదరాబాద్ పాలనాధికారి ఎం.కె. వెల్లోడికి వచ్చింది. కళా విమర్శకుడు డాక్టర్ జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి, గదుల్లో కుక్కిపెట్టినట్టున్న వస్తువులను వరసగా అమర్చే పని అప్పగించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి ప్రారంభించారు.

అయితే విరాసత్ చిక్కు అప్పటికింకా పూర్తిగా విడలేదు. జనం వచ్చి చూసి ఆశ్చర్యపోతున్నారు. నిర్వహణ మాత్రం ఎస్టేట్ కమిటీదే. వారసులు మాకు పంచి పెట్టండని పట్టుబట్టి, కోర్టు దానికి సరేనంటే ఏం జరిగేది? గడియారం ఒకరికి, రెబెకా ఒకరికి, ఖురాన్ ప్రతులు ఇంకొకరికి వెళ్లేవి. వస్తువులను వాటాలుగా కోయడం కుదరదు కాబట్టి అమ్మి డబ్బు పంచుకోమనేవాళ్లు. ఇంటింటా జరిగేదే అక్కడా జరిగేది.

అలా జరగలేదు. వారసులు సుల్హ్‌కు ఒప్పుకున్నారు. మొత్తం సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చేయడానికి రాజీపత్రం రాసుకున్నారు. హైకోర్టు డిక్రీతో 1958 డిసెంబర్ 26న అది ఖరారైంది. నవాబు పోయి అప్పటికి తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలు దాటింది.

1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఈ మ్యూజియాన్ని, దాని లైబ్రరీని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. గవర్నర్ అధ్యక్షతన ఏర్పడిన బోర్డులో సాలార్‌జంగ్ కుటుంబానికీ ఒక స్థానం ఇచ్చారు. 1968లో మ్యూజియం ఇప్పుడున్న భవనానికి మారింది. దివాన్ దేవిడీలో చాలా భాగం తర్వాతి కాలంలో కూలిపోయింది. పాత ద్వారాలు ఆ రోజుల గుర్తుగా మిగిలాయి.

ఇవాళ విశాఖ పిల్లలు ఆ గడియారం ముందు చప్పట్లు కొడుతున్నారంటే, నవాబు కొన్నందుకు ఎంత కారణమో, ఆ బంధువులు పంతం వదిలినందుకూ అంతే కారణం.

వసీయత్ రాసి ఉంటే సరిపోయేదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒక్క వీలునామా రాసి ఉంటే గొడవే ఉండేది కాదనుకుంటారు. ముస్లిం పర్సనల్ లాలో విషయం అంత తేలిక కాదు.

మనిషి పోయాక ఆస్తి నుంచి ముందు కఫన్, దఫన్ ఖర్చులు తీయాలి. తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు ఇవ్వని మెహర్ ఉంటే అదీ అప్పే. ఆ తర్వాత వసీయత్. అది మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు. దాటాలంటే వారసులు ఒప్పుకోవాలి. మిగతాదంతా వారసుల వాటా. లెక్కలో చెప్పాలంటే, అన్నీ పోను 90 లక్షలు మిగిలితే వసీయత్ చెల్లేది 30 లక్షల వరకే. హనఫీ పద్ధతిలో అయితే వాటా ఉన్న వారసుడికే మళ్లీ వసీయత్ రాయాలన్నా మిగతా వారసుల ఒప్పుదల కావాలి. షియా పద్ధతిలో మూడో వంతు లోపు వారసుడికి రాయొచ్చు.

అంటే, నవాబ్ సాలార్‌జంగ్ తన సర్వస్వం మ్యూజియానికే అని వసీయత్ రాసి ఉన్నా, మూడింట రెండు వంతులకు బంధువుల ఒప్పుదల అవసరమయ్యేది. మొత్తం సేకరణ ఒకేచోట ఉండాలనుకుంటే ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ పని చేయాల్సింది. వక్ఫ్ చేయొచ్చు, లేదా హిబా ఇవ్వొచ్చు. హిబాకు మూడు కావాలి: ఇస్తున్నానని చెప్పడం, తీసుకునేవాళ్లు సరేననడం, ఆస్తిని వాళ్ల స్వాధీనం చేయడం. కాగితం మీద రాసి తాళాలు తన దగ్గరే పెట్టుకుంటే అది హిబా కాదు. మరణశయ్య మీద ఇచ్చిన హిబాకు మళ్లీ మూడో వంతు హద్దే వర్తిస్తుంది.

ఇదే నగరంలో, ఇదే కాలంలో ఏడో నిజాం వేరే దారి పట్టారు. 1950ల మొదట్లోనే నగలకు, కుటుంబ సభ్యుల పోషణకు ట్రస్టులు రాయించారు. ఆయన 1967లో పోయారు. 1995లో ఆ నగలను భారత ప్రభుత్వం సుమారు 218 కోట్లకు కొన్నప్పుడు ఎవరితో బేరమాడాలో స్పష్టంగా ఉంది, ట్రస్టు ఉంది కాబట్టి. అదే నిజాం పేరుతో 1948లో లండన్ బ్యాంకులో పడిన సుమారు పది లక్షల పౌండ్ల సంగతి చూడండి. అవి ఎవరివో తేలక 2019 అక్టోబర్ వరకు, 71 ఏళ్లు ఆగాయి. అప్పటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఒకే మనిషి ఆస్తి అయినా, కాగితం స్పష్టంగా ఉన్నచోట ఒక దారి, లేనిచోట ఇంకో దారి.

నవాబుల సంగతి మనకెందుకు?

మనకు హవేలీలు లేకపోవచ్చు. విశాఖలో పోర్టులో చేసి రిటైరైనవాళ్లు, స్టీల్‌ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసినవాళ్లు కట్టుకున్న ఇళ్లున్నాయి. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో రెండంతస్తుల ఇల్లు, బ్యాంకులో డిపాజిట్, ఊళ్లో తాతల నాటి కొంచెం భూమి ఉంటాయి. పెద్దాయన పోయాక గొడవ వచ్చేది వీటి దగ్గరే.

ఉదాహరణకు ఒక తండ్రి భార్యను, ఒక కొడుకును, ఇద్దరు కూతుళ్లను వదిలి పోయారనుకుందాం. అప్పులు పోను ఇల్లు 64 లక్షలు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 8 లక్షలు. మిగిలిన 56 లక్షల్లో కొడుక్కి 28, ఒక్కో కూతురికి 14. వసీయత్ లేకపోతే ఈ వాటాలు ఖాయం. అయినా కూతుళ్లకు పెళ్లిలో ఇచ్చేశాం కదా అని అన్నదమ్ములు పేర్లు మార్పించుకుంటారు. కట్నకానుకలు విరాసత్ వాటా కిందకు రావు. చెల్లెలు మొహమాటానికి ఊరుకుంటే హక్కు పోయినట్టు కాదు. ఆమె పిల్లలు రేపు కోర్టుకెక్కుతారు.

డిపాజిట్‌లో నామినీగా కొడుకు పేరుందని అదంతా కొడుకుదే అనుకోవడం కూడా పొరపాటే. బ్యాంకు డబ్బు నామినీ చేతికి ఇస్తుంది, దాంతో బ్యాంకు బాధ్యత తీరుతుంది. వాటాలు మాత్రం వారసులందరివీ. 2010లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతుందేగానీ ఎవరి వాటా ఎంతో తేల్చదు.

ముస్లింలకు నోటి మాట వసీయత్ కూడా చెల్లుతుంది. అయితే కోర్టులో దాన్ని రుజువు చేయడం చాలా కష్టం. అబ్బా నాతో అన్నారని ఒకరు, నాతో ఇంకోలా అన్నారని మరొకరు అంటే జడ్జిగారు ఎవరి మాట నమ్మాలి? వసీయత్ చేయాల్సింది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాతలో లేకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదని హదీసు బోధిస్తోంది. పధ్నాలుగు వందల ఏళ్ల నాటి ఆ హెచ్చరిక నవాబుకూ వర్తిస్తుంది, నెలజీతం తెచ్చుకునేవాడికీ వర్తిస్తుంది.

ఆస్తుల జాబితా, అప్పుల జాబితా, భార్య మెహర్ ఇచ్చామా లేదా, పత్రాలు ఏ బీరువాలో ఉన్నాయి, ఏ బ్యాంకులో ఏ ఖాతా ఉంది: ఇవి ఒక నోటుబుక్కులో రాసి ఇంట్లో ఇద్దరికి చెప్పి ఉంచడానికి ఒక సాయంత్రం చాలు. మూడో వంతు లోపు ఎవరికైనా ఇవ్వాలనుంటే అదీ సాక్షుల ముందు రాసేయొచ్చు.

సాలార్‌జంగ్ బంధువులు చివరికి రాజీపడ్డారు. ప్రతి ఇంట్లోనూ అలాంటి బంధువులే ఉంటారన్న హామీ లేదు.